సున్నంలో వేడి ఎక్కడిది? రసాయన బంధ బోధనకు ఒక నిత్యజీవిత ఉదాహరణ

వ్యాస సంగ్రహం

బంధం తెగితే శక్తి వెలువడుతుందన్న భావన పాఠశాల స్థాయిలో బలంగా పాతుకొని ఉన్నది. ఇది పొరపాటు. సున్నపురాయి బట్టీలో కాలి, నీటితో తడిసి, గోడపైన తిరిగి రాయిగా మారే వృత్తాన్ని ఆధారం చేసుకొని, ఏ దశలో ఏ బంధం తెగుతుందో, ఏది ఏర్పడుతుందో, ఉష్ణం ఎక్కడ ఖర్చయి ఎక్కడ తిరిగివస్తుందో ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు ఉపయోగపడే రీతిలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సున్నపురాయి, అయానిక బంధం, సంయోజనీయ బంధం, ఉష్ణమోచక చర్య, ఉష్ణగ్రాహక చర్య, విజ్ఞానశాస్త్ర బోధన.

ఉపోద్ఘాతం

రసాయన చర్యల పాఠం మొదలుపెట్టినప్పుడు ఉపాధ్యాయులు సాధారణంగా చేసి చూపే ప్రయోగాలలో ఒకటి పొడిసున్నంపై నీళ్ళు పోయడం. బీకరు వేడెక్కుతుంది, ఆవిరి లేస్తుంది, ‘ఉష్ణమోచక చర్య’ అన్న మాట నల్లబల్ల మీదికి ఎక్కుతుంది. రసాయన బంధం మరొక పాఠం. అందులో ఎలక్ట్రాన్ల చుక్కలు, అష్టక నియమం, సోడియం క్లోరైడ్ పటం ఉంటాయి. వేడెక్కిన బీకరుకూ ఈ చుక్కల పటాలకూ సంబంధమేమిటో రెండు పాఠాలలో ఏదీ సూటిగా చెప్పదు. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందని ఒక విద్యార్థి అడిగితే, తరచుగా వినవచ్చే సమాధానం ఇది: బంధాలలో దాగి ఉన్న శక్తి, బంధాలు తెగినప్పుడు బయటికి వస్తుంది.

ఈ సమాధానం తప్పు. బంధాన్ని తెంచడానికి ఎల్లప్పుడూ శక్తి ఖర్చవుతుంది. బంధం ఏర్పడినప్పుడే శక్తి వెలువడుతుంది. దీనికి మినహాయింపుల కోసం వెదకవలసిన పని లేదు. ఎందుకంటే బంధం అన్న మాటకు అర్థమే అది: విడివిడిగా ఉన్నప్పటి కంటె కలిసి ఉన్నప్పుడు శక్తి తక్కువగా ఉండే అమరిక. కలిసి ఉండడం వల్ల శక్తి తగ్గకపోతే ఆ పరమాణువులను కలిపి ఉంచేది ఏదీ ఉండదు.

ఈ పొరపాటు ప్రపంచంలో అన్ని భాషల తరగతి గదులలోనూ కనిపించేదే. అయితే తెలుగులో దానికి భాష కూడా తోడ్పడుతున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మన వ్యవహారంలో బంధం అంటే కట్టు, సంకెల. బంధం తెగితే విముక్తి. ‘ఉష్ణమోచక’ అన్న పారిభాషిక పదంలోని ‘మోచకం’ కూడా ఆ విడుదల అర్థాన్నే మోస్తున్నది. విమోచనం జరిగిందంటే ఏదో బంధం తెగి ఉంటుందని అనుకోవడం తెలుగు విద్యార్థికి సహజం. పదాలను మార్చనక్కరలేదు. వాటి నీడ పాఠం మీద పడుతున్నదని ఉపాధ్యాయుడు గుర్తిస్తే చాలు.

నిప్పు సున్నంలోకి దూరిందా?

ఈ భ్రమకు పాత చరిత్ర ఉన్నది. చల్లని నీళ్ళు తగలగానే పొంగిపోయే సున్నాన్ని చూసి, బట్టీలోని నిప్పు ఏదో రూపంలో రాయిలోకి ప్రవేశించి దాగి ఉంటుందని, సున్నానికి ఒరిపే గుణం దాని వల్లనే వస్తుందని పూర్వం ఐరోపా రసాయనికులు పలువురు భావించారు. స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన పరిశోధన ఈ ఊహను తలకిందులు చేసింది. ఆయన ఆధారపడినది ముఖ్యంగా త్రాసు మీద. రాయి కాలినప్పుడు దాని బరువు పెరగలేదు, తగ్గింది. అంటే ఏదో లోపలికి రాలేదు, ఏదో బయటికి పోయింది. ఆ పోయిన వాయువుకు ఆయన ‘స్థిర వాయువు’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. మనకు అది కార్బన్ డై ఆక్సైడ్. శుద్ధమైన 100 గ్రాముల కాల్షియం కార్బోనేట్ పూర్తిగా కాలితే 44 గ్రాములు వాయువుగా పోయి 56 గ్రాముల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది.

నిప్పు సున్నంలో దాగి ఉందన్న ఆనాటి ఊహకూ, శక్తి బంధంలో దాగి ఉందన్న నేటి సమాధానానికీ పోలిక గమనించదగినది. పేరు మారింది కాని పెట్టె అలాగే ఉన్నది.

బట్టీలో తెగేది ఏ బంధం?

పల్నాడు జిల్లా పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరు పొందిన ఊరు. అక్కడి బట్టీలలో జరిగేదాన్ని పాఠ్యపుస్తకం ఒక్క పంక్తిలో చెబుతుంది:

కాల్షియం కార్బోనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డై ఆక్సైడ్

ఈ పంక్తిని చూసి, కాల్షియానికీ కార్బోనేటుకూ మధ్య ఉన్న బంధం తెగిందని విద్యార్థులు చెబుతారు. నిజానికి జరిగింది వేరు. సున్నపురాయిలో రెండు రకాల బంధాలున్నాయి. రెండు ధనావేశాలున్న కాల్షియం అయానుకూ, రెండు ఋణావేశాలున్న కార్బోనేట్ అయానుకూ మధ్య ఉన్నది అయానిక ఆకర్షణ. అది ఒక జంటకు పరిమితమైనది కాదు. ప్రతి అయాను తన చుట్టూ ఉన్న వ్యతిరేక ఆవేశాలన్నిటినీ ఆకర్షిస్తూ స్ఫటికమంతటా వ్యాపించిన వల అది. కార్బోనేట్ అయాను లోపల కార్బన్‌కూ మూడు ఆక్సిజన్లకూ మధ్య ఉన్నవి సంయోజనీయ బంధాలు. పటంలో ఒకటి ద్విబంధంగానూ రెండు ఏకబంధాలుగానూ గీస్తాము కాని, కొలిచి చూస్తే మూడింటి పొడవూ సమానమే.

బట్టీ వేడికి ఈ మూడింటిలో ఒక కార్బన్–ఆక్సిజన్ బంధం తెగుతుంది. ఆ బంధంలోని ఎలక్ట్రాన్ జంట ఆక్సిజన్‌తోనే పోతుంది. ఆ ఆక్సిజన్ ఆక్సైడ్ అయానుగా మారి కాల్షియం పక్కన నిలిచిపోతుంది. మిగిలిన కార్బన్, రెండు ఆక్సిజన్లు కార్బన్ డై ఆక్సైడ్ అణువుగా ఎగిరిపోతాయి. కాల్షియం అయాను ఈ తతంగమంతటిలో ఎలక్ట్రాన్లను ఇవ్వలేదు, పుచ్చుకోలేదు. రాయిలో ఏ అయానుగా ఉన్నదో సున్నంలోనూ అదే అయానుగా ఉన్నది. చివరకు గోడ మీద కూడా అలాగే ఉంటుంది. పేర్లన్నీ కాల్షియంతో మొదలవుతాయి గనుక కథ అంతా దానిదేనని విద్యార్థి అనుకుంటాడు. కథ నడిపేది మాత్రం ఆక్సిజన్.

ఈ చర్యకు ప్రతి మోల్‌కూ సుమారు 178 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. తెగిన బంధానికి అయిన ఖర్చులో కొంత, కార్బన్ డై ఆక్సైడ్‌లో మిగిలిన రెండు బంధాలు బలపడడం వల్లనూ, చిన్నదైన ఆక్సైడ్ అయాను చుట్టూ కాల్షియం అయాన్లు మరింత దగ్గరగా చేరడం వల్లనూ తిరిగివస్తుంది. అయినా మొత్తం మీద ఖర్చే ఎక్కువ. అందుకే ఇది ఉష్ణగ్రాహక చర్య. ఉష్ణోగ్రత సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు, రాయి నుంచి వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ పీడనం వాతావరణ పీడనంతో సమానమవుతుంది. బట్టీలో గాలి ధారాళంగా ఆడుతూ ఆ వాయువును తీసుకుపోవాలి. పోనివ్వకపోతే చర్య వెనుకకు మళ్ళుతుంది. సమతాస్థితిని బోధించే ఇంటర్మీడియట్ అధ్యాపకులు కూడా ఈ బట్టీని వాడుకోవచ్చు.

ఇక్కడ అయానిక బంధం గురించి ఒక మాట. లోహం ఎలక్ట్రాన్లను ఇచ్చివేయడానికి ఆత్రపడుతుందని, ఇవ్వడమే బంధమని తరగతిలో చెప్పడం పరిపాటి. కాల్షియం పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు 590, రెండవదానికి 1145 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. ఇంత ఖర్చుతో జరిగేదాన్ని ఆత్రం అనలేము. ఆక్సిజన్‌కు రెండవ ఎలక్ట్రాన్‌ను చేర్చడం కూడా ఖర్చుతో కూడిన పనే. ఈ ఖర్చులన్నీ తీర్చేది అయాన్లు దగ్గరకు చేరి జాలకంగా అమరినప్పుడు వెలువడే శక్తి. కాల్షియం ఆక్సైడ్ విషయంలో అది మోల్‌కు సుమారు 3400 కిలోజౌళ్ళు. బంధమంటే ఈ ఆకర్షణ. ఎలక్ట్రాన్ బదిలీ దానికి ముందు జరిగే ఏర్పాటు మాత్రమే.

నీళ్ళు పోసినప్పుడు

పొడిసున్నంలోని ఆక్సైడ్ అయాను చాలా బలమైన క్షారం. నీరు తగలగానే అది నీటి అణువు నుంచి ఒక ప్రోటాను లాక్కుంటుంది. ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, ప్రోటాను పోగొట్టుకున్న నీరు కూడా హైడ్రాక్సైడ్‌గానే మిగులుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నం, ఏర్పడే తీరు ఇది. వెలువడే ఉష్ణం మోల్‌కు సుమారు 65 కిలోజౌళ్ళు.

ఇప్పుడు లెక్క చూడాలి. నీటిలో ఒక ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం తెగింది: ఖర్చు. కాల్షియం ఆక్సైడ్ జాలకం విచ్ఛిన్నమైంది: ఖర్చు. అది మామూలు ఖర్చు కాదు, ఎందుకంటే రెండేసి ఆవేశాలున్న అయాన్ల ఆ జాలకం తరువాత ఏర్పడబోయే హైడ్రాక్సైడ్ జాలకం కంటె బలమైనది. ఆదాయం వైపు చూస్తే, ఆక్సైడ్‌కూ ప్రోటానుకూ మధ్య కొత్త బంధం ఏర్పడింది, హైడ్రాక్సైడ్ జాలకం అమరింది. ఈ ఆదాయం ఆ ఖర్చులను మించింది. మించినంత మేరకే బీకరు వేడెక్కింది. తెగిన బంధాలు ఈ చర్యకు ఒక్క జౌల్ కూడా ఇవ్వలేదు.

ఈ వేడి ఎంతటిదో అంకెలలో చెబితే విద్యార్థులకు మనసులో నిలుస్తుంది. ఒక కిలో శుద్ధమైన పొడిసున్నం పూర్తిగా తడిసినప్పుడు సుమారు 1160 కిలోజౌళ్ళు వెలువడతాయి. 30 డిగ్రీల వద్ద ఉన్న దాదాపు 4 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి అది చాలు. చర్యకు కావలసిన నీరు మాత్రం 320 గ్రాములే. కాబట్టి కొద్దిపాటి నీళ్ళు చిలకరిస్తే అవి ఆవిరై చిమ్ముతాయి. తరగతిలో చెంచాడు సున్నంతో, కంటి అద్దాలు పెట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి మాత్రమే ఈ ప్రయోగం చేయాలి. సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. గడ్డలు పగిలి పిండి కావడానికి కారణం కూడా చెప్పవచ్చు: ఒక మోల్ కాల్షియం హైడ్రాక్సైడ్ ఆక్రమించే స్థలం ఒక మోల్ కాల్షియం ఆక్సైడ్‌కు దాదాపు రెట్టింపు.

గోడ ఎందుకు వేడెక్కదు?

వెల్ల వేసిన గోడ మీద మూడవ దశ జరుగుతుంది. తడిసున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను తీసుకొని తిరిగి కాల్షియం కార్బోనేట్‌గా మారుతుంది, నీరు వెలువడుతుంది. హైడ్రాక్సైడ్ ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటతో కార్బన్‌ను చేరి, బట్టీలో తెగిన కార్బన్–ఆక్సిజన్ బంధం వంటి బంధాన్నే మళ్ళీ ఏర్పరుస్తుంది.

ఈ చర్యలో వెలువడే ఉష్ణం మోల్‌కు సుమారు 113 కిలోజౌళ్ళు. ముందు చెప్పిన 65కు ఇది దాదాపు రెట్టింపు. అటువంటప్పుడు బీకరు చేయి కాలేంత వేడెక్కితే, గోడ గోరువెచ్చగానైనా ఎందుకు కాదు? ఏ విద్యార్థీ ఈ ప్రశ్న అడగకపోతే ఉపాధ్యాయుడే అడగాలి. ఎంత ఉష్ణం వెలువడుతుందన్నది ఒకటి, ఎంత కాలంలో వెలువడుతుందన్నది మరొకటి. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 0.04 శాతమే. అది తడిలో కరిగి, సున్నపు పొరలోకి కొద్దికొద్దిగా ఇంకాలి. పల్చని వెల్లకు కొన్ని రోజులు పడితే, మందపాటి గచ్చు లోపలి దాకా మారడానికి సంవత్సరాలు పట్టవచ్చు. నిమిషాలలో వెలువడిన వేడి చేతికి తెలుస్తుంది. నెలల మీద వెలువడిన వేడి గాలిలో కలిసిపోతుంది. పైగా గోడ తడి ఆరేటప్పుడు నీరు ఆవిరై కొంత వేడిని తీసుకుపోతుంది. ‘వేడెక్కలేదు కనుక ఉష్ణమోచకం కాదు’ అన్న నిర్ణయం ఎంత తొందరపాటో ఈ గోడ చూపుతుంది.

65, 113 కూడితే 178. బట్టీలో రాయి పుచ్చుకున్న అప్పు రెండు వాయిదాలలో అణా పైసలతో తీరింది. హెస్ నియమాన్ని దీని కంటె చక్కగా చూపే ఉదాహరణ పాఠశాల స్థాయిలో ఈ వ్యాసకర్తకు కనిపించలేదు.

ఇక్కడ ఒక సమంజసమైన అభ్యంతరం వస్తుంది. బట్టీలో పెట్టిన శక్తే తిరిగివచ్చిందంటే, మధ్యలో అది సున్నంలో నిల్వ ఉన్నట్లే కదా? నిల్వ ఉన్న మాట నిజం. ఎక్కడ నిల్వ ఉన్నదన్నదే ప్రశ్న. బావిలోంచి కడవెడు నీళ్ళు చేది గట్టు మీద పెడతాము. చేదడానికి పడిన శ్రమ తాడులోనూ లేదు, ఒక్క కడవలోనూ లేదు. కడవకూ భూమికీ మధ్య పెరిగిన దూరంలో ఉన్నది. కడవ జారి తిరిగి బావిలో పడినప్పుడు ఆ శక్తి బయటపడుతుంది. బంధాన్ని తెంచడం కడవను పైకి చేదడం వంటిది, బంధం ఏర్పడడం కడవ కిందికి పడడం వంటిది. సున్నాన్నీ కార్బన్ డై ఆక్సైడ్‌నూ విడదీసి ఉంచడంలో ఆ 178 కిలోజౌళ్ళు ఉన్నాయి, ఆ రెండింటిలో ఏ ఒక్కదాని బంధాలలోనూ కాదు.

ఇదే లెక్క వంటింటి మంటకూ వర్తిస్తుంది. పైపుల ద్వారా ఇళ్ళకు వచ్చే సహజవాయువులో ప్రధానమైనది మీథేన్. ఒక మోల్ మీథేన్ మండడానికి నాలుగు కార్బన్–హైడ్రోజన్ బంధాలు, రెండు ఆక్సిజన్ అణువుల బంధాలు తెగాలి. సగటు బంధశక్తుల ప్రకారం ఖర్చు 2648 కిలోజౌళ్ళు. కార్బన్ డై ఆక్సైడ్‌లోనూ నీటి ఆవిరిలోనూ కొత్త బంధాలు ఏర్పడినప్పుడు వచ్చేది 3450. మిగులు 802. అన్నం ఉడికేది ఆ మిగులుతోనే. ఇంధనంలో శక్తి ఉన్నదని అనడం వాడుకలో తప్పు కాదు కాని, ఆక్సిజన్ పేరు ఎత్తకుండా ఆ మాట పూర్తికాదు. జీవశాస్త్రంలో ఎ.టి.పి. గురించి చెప్పే ‘అధిక శక్తి బంధం’ కూడా ఇదే విధంగా అర్థం చేసుకోవలసిన మాట. అక్కడ కూడా శక్తినిచ్చేది తెగిన బంధం కాదు.

గుహలు, గిన్నెలు, పారాణి

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. గోడ మీద జరిగే చర్యే ఇక్కడ క్షణాలలో జరుగుతుంది. ఊదడం ఆపకుండా చాలాసేపు కొనసాగిస్తే తెలుపు విరిగి ద్రావణం తేరుతుంది. కార్బోనిక్ ఆమ్లం నుంచి ప్రోటాను కార్బోనేట్‌కు చేరి, నీటిలో కరిగే బైకార్బోనేట్ ఏర్పడడం దీనికి కారణం. నంద్యాల జిల్లాలోని బేలం గుహలనూ, అరకు దగ్గరి బొర్రా గుహలనూ తొలిచినది ఈ చర్యే. అదే ద్రావణాన్ని వేడిచేస్తే కార్బన్ డై ఆక్సైడ్ పోయి కార్బోనేట్ మళ్ళీ అడుగుకు దిగుతుంది. ఉప్పునీటి బోరు ఉన్న ఊళ్ళలో నీళ్ళు కాచే గిన్నెల అడుగున పేరుకొనే తెల్లని పెచ్చు ఎక్కువగా అదే. ఒక జాగ్రత్త: కాల్షియం హైడ్రాక్సైడ్ నీరు వేడెక్కే కొద్దీ తక్కువగా కరుగుతుంది. అందువల్ల ఊదకుండానే, కేవలం వేడిచేసినంత మాత్రాన నిలవ సున్నపు తేట మసకబారవచ్చు. ఈ సంగతి తెలియక ప్రయోగం పాడైందని అనుకోవడం కద్దు.

పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని పారాణి పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. రెండు రంగులు కలిసి మూడవ రంగు వచ్చిందని పిల్లలు చెబుతారు. పసుపూ తెలుపూ కలిస్తే లేత పసుపు రావాలి గాని ఎరుపు ఎలా వస్తుందని ఎదురు ప్రశ్న వేస్తే ఆలోచన మొదలవుతుంది. సున్నంలోని హైడ్రాక్సైడ్, పసుపులోని కుర్కుమిన్ అణువు నుంచి ప్రోటానును తీసుకుంటుంది. ఒక ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం తెగి నీటిలో మరొకటి ఏర్పడుతుంది. మిగిలిన ఎలక్ట్రాన్లు అణువు పొడవునా మరింత విస్తరించి, కాంతిని శోషించే తీరు మారుతుంది. నిమ్మరసం పిండితే ప్రోటాను తిరిగివచ్చి పసుపు రంగు మళ్ళీ కనిపిస్తుంది. బీకరులోనూ పారాణిలోనూ జరిగింది ఒకే విధమైన పని, ప్రోటాను చేతులు మారడం. ఒకచోట వేడి, మరొకచోట రంగు దానికి సాక్ష్యం.

ఒక నెల పట్టే ప్రయోగం

ఈ వృత్తంలో పాఠశాలలో అసలు చూపనిది మూడవ దశ. దాన్ని చూపడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. బాగా నానిన తడిసున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్ళు కలిపి, చేతి తొడుగులతో నిమ్మకాయంత ఉండలు పదో పన్నెండో చేయాలి. నీడలో, గాలి ఆడేచోట పెట్టి, రోజు విడిచి రోజు కాస్త నీళ్ళు చిలకరించాలి. పూర్తిగా ఎండిపోతే కార్బన్ డై ఆక్సైడ్ కరగడానికి తడి ఉండదు, చర్య కుంటుపడుతుంది. నాలుగవ రోజున ఒక ఉండను పగలగొట్టి, పగిలిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేయాలి. కార్బోనేట్‌గా మారిన అంచు రంగు లేకుండా ఉంటుంది, హైడ్రాక్సైడ్ మిగిలి ఉన్న లోపలి భాగం గులాబి రంగుకు తిరుగుతుంది. పాత కట్టడాల సున్నపు గచ్చును పరీక్షించేవారు కూడా ఈ పద్ధతినే వాడతారు. వారానికొక ఉండను పగలగొట్టి, రంగు లేని అంచు మందాన్ని స్కేలుతో కొలిచి పట్టికలో రాయించాలి. మొదటి వారంలో పెరిగినంత వేగంగా ఆ అంచు తరువాతి వారాలలో పెరగదు. వాయువు దాటవలసిన పొర మందమవుతూ ఉంటుంది మరి. ఒకటి రెండు ఉండలను పగలగొట్టకుండా విద్యాసంవత్సరం చివరి దాకా దాచి, ఆఖరి రోజున పగలగొట్టే ముందు, నడుమ గులాబి రంగు ఇంకా ఉంటుందో లేదో పిల్లలను రాసిపెట్టమనవచ్చు.